గర్భస్థ జీవము - క్రైస్తవ దృక్పథము

క్రీస్తు పూర్వము 1వ సంవత్సరమున ఈజిప్టు దేశమందలి అలెగ్జాండ్రియా నగరమునుండి హిలారియను అను నతడు తన భార్యయగు ఆలిస్ పేర ఒక జాబు వ్రాసెను. ఆతడు పని మీద పట్టణమునకు వచ్చియున్నాడు; ఇంటియొద్ద ఆమె గర్భవతి. తోడివారు తిరిగివచ్చి తాను రాకపోయినచో కలవరపడవద్దనియు, చిన్నబిడ్డను జాగ్రత్తగా చూచుకొనుమనియు, జీతము చేతికి అందినవెంటనే పంపెదననియు వ్రాసి, ఆ వరుసలోనే, కాన్పు అయినప్పుడు మగబిడ్డయైనచో ఉంచుమనియు, ఆడబిడ్డయైనచో పారవేయుమనియు చెప్పినాడు. ఈ పపైరస్ పత్రము ఆక్సిరింకసు అనుచోట ఇసుకలో దొరకి, 20వ శతాబ్దారంభమున అచ్చయినది.

వినువారికి ఒడలు జలదరించును. అయినను ఆ జాబును ఆసాంతము చదివినచో, వ్రాసినవాడు క్రూరుడుగా కానరాడు. భార్యయెడ ప్రేమ గలవాడే. ఉన్న బిడ్డను గూర్చి బెంగపెట్టుకొన్నవాడే. పుట్టిన శిశువును ఉంచుటయో పారవేయుటయో నిర్ణయించు హక్కు ఇంటి పెద్దకు కలదని ఆనాటి లోకము నమ్మినది. రోమను శాసనము ఆ హక్కును గుర్తించినది. పుట్టిన బిడ్డకే ఈ గతి పట్టినపుడు, కడుపులోని పిండమును గూర్చి అడుగువారెవరు? క్రైస్తవ సంఘము పుట్టి పెరిగినది ఇట్టి లోకమునందు. గర్భస్థ శిశువును గూర్చి ఆ సంఘము చెప్పిన మాటను ఈ నేపథ్యముననే వినవలెను.

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో పలుమతములవారుందురు. వైద్యులుందురు. ఈ సమస్యను పుస్తకములలో గాక తమ బ్రతుకులోనే ఎదుర్కొన్న తల్లులును ఉందురు. వారు వినుచున్నారన్న ఎరుకతోనే మేము మాటలాడదలచినాము.

మొదట ఒక విషయమును దాచకుండ చెప్పవలెను. క్రొత్త నిబంధనయందు గర్భవిచ్ఛిత్తిని పేరుపెట్టి నిషేధించిన వాక్యము లేదు. క్రైస్తవులు ఆధారపడునది ఒక్క వాక్యముపై కాదు. గ్రంథమంతట వ్యాపించియున్న ఒక భావముపై. మానవుడు దేవుని స్వరూపమున సృజింపబడినాడని ఆదికాండము చెప్పును. తల్లి గర్భమున తన్ను నిర్మించినవాడు దేవుడేయని 139వ కీర్తనకారుడు ఆశ్చర్యపడును. గర్భమున రూపొందకమునుపే దేవుడు తన్నెరుగునని యిర్మీయా ప్రవక్త వినెను. మరియమ్మ పలుకరింపగా ఎలీసబెతు గర్భమందలి శిశువు గంతులు వేసినట్లు లూకా వ్రాసెను. వీనియన్నింటినుండి సంఘము గ్రహించిన భావమిది: ప్రాణము ఈవి, ఆస్తి కాదు. బలమును బట్టియో, వయస్సును బట్టియో, ఆడ మగ భేదమును బట్టియో దాని విలువ ఏర్పడదు. ఇచ్చినవాని గౌరవమే దాని గౌరవము.

ఇది క్రైస్తవులకు మాత్రమే తోచిన మాట యని మేము చెప్పబోము. మన ధర్మశాస్త్రములు భ్రూణహత్యను ఘోరపాతకములలో చేర్చినవి. గ్రీకు వైద్యులు హిప్పొక్రటీసు పేర చేసిన ప్రమాణమున గర్భస్రావమునకు సాధనమునిచ్చుట నిషిద్ధమైయున్నది. అదే గ్రీకు దేశమున, పిండమునకు చైతన్యము కలుగకమునుపు గర్భమును తొలగించుట తగునని అరిస్టాటిలు తన రాజనీతి గ్రంథమున వ్రాసెను. కనుక ప్రాచీనులందరు ఒక్క మాటపై నిలిచినవారు కారు.

యూదుల శాస్త్రమందలి ఒక చిన్న భాగము ఈ చరిత్రకంతకు కీలకమైనది. ఇద్దరు పోట్లాడుకొనుచు గర్భవతికి దెబ్బ తగిలించి గర్భము పోవునట్లు చేసినచో ఏమి చేయవలెనో నిర్గమకాండము 21వ అధ్యాయము విధించుచున్నది. హీబ్రూ మూలమునుబట్టి, తల్లికి వేరు హాని లేనిచో జుర్మానాతో సరి; హాని కలిగినచో ప్రాణమునకు ప్రాణము. క్రీస్తుకు పూర్వమే గ్రీకు భాషలోనికి తర్జుమా చేసినవారు ఈ వాక్యమును వేరు విధముగా అర్థము చేసికొనిరి. శిశువునకు ఇంకను రూపమేర్పడనిచో జుర్మానా. రూపమేర్పడినదైనచో ప్రాణమునకు ప్రాణము. తొలి క్రైస్తవులలో పెక్కుమంది చదివినది ఈ గ్రీకు బైబిలునే. రూపమేర్పడిన పిండము, ఏర్పడని పిండము అను భేదము ఆ విధముగా సంఘములోనికి ప్రవేశించి, కొంచెమించుమించుగా 15 శతాబ్దులకాలము వదలలేదు.

యూదా పండితులు మిష్నాయందు మరియొక నియమమును చేర్చిరి. ప్రసవము కష్టమై తల్లి ప్రాణాపాయమున నున్నపుడు శిశువును ఖండించియైనను తల్లిని కాపాడవలెను. తల బయటపడిన పిమ్మట మాత్రము శిశువును తాకరాదు, ఒక ప్రాణమునకై మరియొక ప్రాణమును తీయరాదు గనుక. ఈ నియమమును మరల తలచుకొనవలసి వచ్చును.

'దిదఖే' యను చిన్న పుస్తకము కలదు. అపొస్తలుల ఉపదేశమని దాని యర్థము. చాలకాలము కానరాకుండ పోయిన ఈ గ్రంథపు ప్రతిని 1873లో కాన్‌స్టాంటినోపిలు గ్రంథాలయమొకదానిలో బ్రియెన్నియసు అను గ్రీకు మతాచార్యుడు కనుగొనెను. మొదటి శతాబ్దాంతమునకో రెండవ శతాబ్దారంభమునకో చెందినదని పండితులలో హెచ్చుమంది తలంతురు. బాప్తిస్మము పొందబోవువారికి నేర్పవలసిన నీతులలో, శిశువును గర్భమున చంపరాదనియు, పుట్టినదానిని చంపరాదనియు రెండు నిషేధములు ప్రక్కప్రక్కనే ఉన్నవి. హిలారియను జాబునకును ఈ పుస్తకమునకును నడుమ కాలదూరము నూరేండ్లకు అటునిటు మాత్రమే. మనోదూరమెంతటిదో శ్రోతలే ఊహింపగలరు.

నిషేధించుట సులభము. నిషేధించినవాడు ఆ తరువాత ఏమి చేసెనన్నదే మాకు ముఖ్యముగా తోచును. అందుచేత ఒక్క మనుష్యుని గూర్చి కొంచెము సావకాశముగా చెప్పుకొందము. ఆయన కప్పదోకియా దేశపు కైసరయ నగరమునకు బిషప్పుగా నుండిన బాసిలు. ఆ నగరము నేటి టర్కీ దేశమందలి కైసెరి. ఆయన 370లో బిషప్పయి, 379లో మరణించెను.

క్రీ. శ. 374 ప్రాంతమున ఇకోనియ బిషప్పగు అంఫిలోకియసు కొన్ని ధర్మసందేహములు వ్రాసి పంపగా, బాసిలు వరుసగా సమాధానములు వ్రాసెను. ఆ లేఖలే తరువాత తూర్పు సంఘములకు శాసనములైనవి. బుద్ధిపూర్వకముగా గర్భమును పోగొట్టుకొన్న స్త్రీ నరహత్యాదోషము గలదని ఆయన వ్రాసినాడు. రూపమేర్పడినదా లేదా యను సూక్ష్మవిచారణ తమయొద్ద లేదనియు చెప్పినాడు. గ్రీకు బైబిలు చదివినవాడే, ఆ భేదము నెరిగియే తోసివేసెను. ఇంతవరకు కాఠిన్యమే. కాని వెంటనే రెండు మాటలు చేర్చినాడు. ఈ విషయమున న్యాయము జరుగవలసినది పుట్టబోవు శిశువునకు మాత్రమే కాదట. ఆ స్త్రీకిని, ఏలయన ఇట్టి ప్రయత్నములలో చాలమంది స్త్రీలే మరణించుచున్నారట. రెండవది: ఆమెను మరణపర్యంతము సంఘమునుండి వెలివేయరాదు. పదేండ్ల ప్రాయశ్చిత్తము చాలును. అదియు కాలమును లెక్కపెట్టి కాదు, పశ్చాత్తాపము తీరును చూచి నిర్ణయింపవలెను.

పదేండ్లనిన మనకు దయగా తోచదు. కాని అంతకుముందు కొన్నిచోట్ల జీవితాంతము వెలియే విధిగా నుండెను. 314లో ఆన్సిరా నగరమున, అనగా నేటి అంకారాలో, కూడిన సభ ఆ పాత విధిని పేర్కొని, దానిని సడలించి పదేండ్లు చేసెను. బాసిలు ఆ త్రోవనే నడచి, కాలముకంటె మనస్సు ముఖ్యమని మరియొక మెట్టు దిగివచ్చెను.

ఇదే బాసిలు, బిషప్పు కాకమునుపు, 369 ప్రాంతమున వచ్చిన క్షామకాలమున ధనికులనుద్దేశించి ఉపదేశములు చేసెను. కొట్లు పడగొట్టి మరింత పెద్దవి కట్టుకొందునన్న ధనికుని ఉపమానమును లూకా సువార్తనుండి తీసికొని చేసిన ఉపదేశమున ఒక తండ్రి చిత్రమును చూపించినాడు. ఇంట గింజ లేదు. ఉన్న సామానంతయు అమ్మినను నాలుగు కాసులు రావు. ఆ తండ్రి చూపు తన బిడ్డలపై పడును. ఒకరిని అమ్మినగాని తక్కినవారు బ్రతుకరు. ఎవరిని? పెద్దవానినా, జ్యేష్ఠుడన్న మన్నన అడ్డువచ్చును. చిన్నవానినా, ఏమియు తెలియని పసివాడు. ఒకనియందు తలిదండ్రుల పోలిక ఉన్నది. మరియొకనికి చదువు అబ్బుచున్నది. తుదకు ఏడ్చుచు ఒకని చేయి పట్టుకొని బజారునకు పోవును. అక్కడ కొట్లనిండ ధాన్యమున్న ధనికుడు, ఆ కన్నీటిని చూచియు, ధర దగ్గర బేరమాడును. బాసిలు కోపమంతయు ఆ తండ్రిపై కాదు, బేరమాడువానిపై.

ఉపదేశించి ఊరకుండినవాడు కాడు. క్షామమున గంజికేంద్రములు పెట్టించెను. తరువాత నగరము వెలుపల ఒక పెద్ద ధర్మశాలను కట్టించెను. బాటసారులకు బస, రోగులకు వైద్యులు, కుష్ఠువ్యాధి పీడితులకు ఆశ్రయము, పనివారికి పనిశాలలు, అన్నియు ఒక్కచోటనే. దానికి బాసిలియాదు అను పేరు వచ్చినది. ఆయన మిత్రుడు, నజియాంజు గ్రెగరీ, బాసిలు చనిపోయిన పిమ్మట చేసిన స్మారకోపన్యాసమున దానిని ఒక క్రొత్త నగరమని కొనియాడినాడు.

ఈ మూడింటిని విడదీసి చదువుటయే తరువాతి వారు చేసిన అన్యాయమని మా యభిప్రాయము. శాసనములు వల్లించువారు బాసిలు రెండవ నియమమును ఎత్తి చూపుదురు. ధనికుల కొట్ల విషయము వారికి గుర్తుండదు. దానధర్మములను పొగడువారు ధర్మశాలను గూర్చి చెప్పుదురు. శాసనము ప్రస్తావన వచ్చినచో మాట మార్చుదురు. బాసిలునకు ఇవి మూడును ఒక్కటే. కడుపులోని ప్రాణము పవిత్రమని చెప్పుటకు తనకు అర్హత ఎక్కడనుండి వచ్చునో ఆయనకు తెలియును.

మన తెలుగున ఈ సంగతి ఒక్క మాటలోనే ఉన్నది. ఆకలి వేయునది కడుపు. బిడ్డ పెరుగునదియు కడుపే. 'కడుపుతో ఉన్నది' అనినను, 'కడుపు చేతబట్టుకొని పోయినారు' అనినను, 'కడుపుతీపి' అనినను, 'కడుపుకోత' అనినను మాట ఒక్కటే. కడుపు తీయించుకొన్న స్త్రీని తప్పుపట్టుటకు ముందు, ఆ యింటివారు కడుపు చేతబట్టుకొని తిరుగుచున్నారేమో చూచుకొనవలెనని మన భాషయే హెచ్చరించుచున్నట్లున్నది.

ఇక రూపభేదమును గూర్చిన వాదము. పాశ్చాత్య సంఘమున అగస్టీను, తరువాత 13వ శతాబ్దమున థామసు అక్వినాసు, పిండమున మానవాత్మ ప్రవేశించుటకు కొంత కాలము పట్టునని తలంచిరి. అరిస్టాటిలు లెక్కలో అది మగశిశువునకు 40 దినములు, ఆడశిశువునకు 90 దినములు. ఆడపిల్లకు ఆత్మ కూడ ఆలస్యముగానే వచ్చునని చెప్పుటకు ఆ మహామేధావికి సంకోచము కలుగలేదు! అయితే ఈ పండితులెవ్వరును తొలిదశయందైనను గర్భవిచ్ఛిత్తి నిర్దోషమని చెప్పలేదు. దానిని నరహత్య అనవలెనా, వేరొక పాపమనవలెనా అన్నదే వారి చర్చ. 1588లో అయిదవ సిక్‌స్టసు పోపు ఈ భేదమును లెక్కచేయక కఠినశిక్ష విధించెను; మూడేండ్లకే, 1591లో, 14వ గ్రెగరీ పోపు దానిని సడలించెను. 1869లో 9వ పయసు పోపు వెలి శిక్ష విషయమున భేదమును తీసివేసెను. అప్పటికి విజ్ఞానశాస్త్రము కూడ మారియున్నది. స్తన్యజంతువుల అండమును 1827లో వాన్ బేయరు చూచెను. అండము, బీజము కలయుటను 1876లో హెర్ట్‌విగు సముద్రపు జీవియొకదానియందు సూక్ష్మదర్శినితో పరిశీలించెను. 40 దినములు, 90 దినములు అను లెక్కలకు ఆధారము పోయినది. క్రొత్త జీవి ఎప్పుడు మొదలగునో శాస్త్రము చాలవరకు చూపగలిగినది. ఆ జీవికి మనము ఎట్టి ఋణపడియున్నామో చెప్పుట శాస్త్రము పని కాదు.

తల్లి ప్రాణము మాట ఏమి? ఇదియే అన్నిటికంటె బరువైన ప్రశ్న. గర్భమందే జీవమున్నదని గట్టిగా వాదించిన తెర్తుల్లియనే, ఆత్మను గూర్చిన తన గ్రంథమున, అడ్డముతిరిగి బయటికి రాలేని శిశువును వైద్యులు పరికరములతో ఖండించి తీయుటను వర్ణించి, లేనిచో ఆ శిశువు తల్లిని చంపునని చెప్పి, దానిని తప్పనిసరియైన క్రూరత్వముగా పేర్కొనెను. మిష్నా నియమము ఇక్కడ శ్రోతలకు స్ఫురించును. రోమను కథోలిక సంఘము నేడు చెప్పునది మరియొక తీరు. శిశువును చంపుటయే ఉద్దేశ్యముగా ఏ పనియు చేయరాదు. కాని గర్భాశయమున క్యాన్సరు పుట్టినపుడు దానిని తొలగించుట తల్లికి చికిత్స. శిశువు పోవునని తెలిసినను అది ఉద్దేశింపబడినది కాదు గనుక దోషము లేదు. ప్రొటెస్టంటు సంఘములలో అనేకము తల్లి ప్రాణాపాయమున నున్నపుడు గర్భవిచ్ఛిత్తిని స్పష్టముగానే అంగీకరించినవి.

ఇటలీ దేశమున జియాన్నా బెరెట్టా మొల్లా అను పిల్లల వైద్యురాలు 1961లో నాల్గవ బిడ్డను మోయుచుండగా గర్భాశయమున కంతి ఏర్పడినది. గర్భాశయమును తొలగించుటకు ఆమె సంఘము అడ్డుచెప్పియుండెడిది కాదు. ఆమె కంతిని మాత్రమే తీయించుకొని బిడ్డను నిలుపుకొన్నది. 1962 ఏప్రిలు 21వ తేదీన ఆడపిల్ల పుట్టినది. 28వ తేదీన తల్లి కన్ను మూసినది. 2004లో ఆమెను పునీతురాలుగా ప్రకటించిరి. ఆ తల్లి త్యాగమునకు తల వంచవలసినదే. అయితే తనంతట తాను ఇచ్చుకొన్నది త్యాగము. ఇతరులు ఆమెనుండి బలవంతముగా తీసికొన్నచో దానికి ఆ పేరు చెల్లదు. ఆమె కథను వినిపించి మరియొక తల్లి నోరు మూయించువారిని మేము సమర్థింపలేము.

ప్రొటెస్టంటు పండితులలో డీట్రిషు బాన్‌హోఫరు మాటను చెప్పక తప్పదు. హిట్లరు నెదిరించి, 1945 ఏప్రిలు 9వ తేదీన ఉరికంబమెక్కిన జర్మను లూథరను బోధకుడాయన. మరణానంతరము 1949లో వెలువడిన ఆయన నీతిశాస్త్ర గ్రంథమున, గర్భమునందలి జీవమును చంపుట హత్యయేయని ఏ మాత్రము మెత్తబరపకుండ వ్రాసినాడు. వెంటనే, దిక్కులేని దారిద్ర్యమునందు, నిరాశచేత ఆ పని జరిగినపుడు, దోషము ఆ వ్యక్తిపైకంటె సమాజముపైననే ఎక్కువగా నుండవచ్చునని చేర్చినాడు. బాసిలునకును ఈయనకును నడుమ దాదాపు 16 శతాబ్దులు. ఇద్దరును పాపమును పాపమనియే పిలిచిరి. ఇద్దరును వ్రేలు చూపునపుడు ఆ స్త్రీ వెనుక నిలిచియున్నవారిని కూడ చూచిరి.

నేటి క్రైస్తవులందరు ఏకాభిప్రాయము గలవారని శ్రోతలు భావింపరాదు. రోమను కథోలిక సంఘము, ప్రాచ్య సంఘములు నిషేధముపై దృఢముగా నిలిచియున్నవి. తక్కిన సంఘములలో భేదములు పెక్కు. అమెరికాలో దక్షిణ బాప్తిస్టు సమాఖ్య 1971లో, బలాత్కారము మొదలగు కొన్ని సందర్భములందు గర్భవిచ్ఛిత్తికి వీలు కల్పించు చట్టమును సమర్థించినది. పదేండ్లు తిరుగకమునుపే దానికి విరుద్ధమైన మార్గము పట్టినది. ఆ దేశపు సుప్రీము కోర్టు 1973లో గర్భవిచ్ఛిత్తిని రాజ్యాంగపు హక్కుగా గుర్తించి, 2022లో ఆ తీర్పును త్రోసివేసినది. స్త్రీ శరీరముపై ఆమెకు తప్ప అన్యులకు అధికారము లేదని వాదించువారిలో క్రైస్తవ స్త్రీలును కలరు. ఆ వాదమున ఒక సత్యమున్నది: భారమంతయు ఆమెయే మోయును. గర్భమందున్నది రెండవ ప్రాణమన్న తలంపు మాత్రము ఆ వాదమున చాలునంతగా లేదని మాకు తోచును.

మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతి, తల్లి ప్రాణమును కాపాడుటకు తప్ప గర్భమును తొలగించుటను నేరముగా నెంచెను. చట్టము ఆపలేకపోయినది. రహస్యముగా మంత్రసానులచేతను, నాటువైద్యులచేతను పుల్లలు, మందులు పెట్టించుకొని స్త్రీలు చనిపోవుచుండిరి. 1964లో ఏర్పడిన శాంతిలాల్ షా సంఘము ఈ స్థితిని విచారించి 1966లో నివేదిక సమర్పించినది. 1971లో చట్టమైనది, 1972 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. 2021 సవరణచేత కొన్ని తరగతుల స్త్రీలకు 24 వారములవరకు అవకాశమేర్పడినది. కథోలిక బిషప్పులు మొదటినుండియు ఈ చట్టమును వ్యతిరేకించుచున్నారు. వారి వ్యతిరేకతకు కారణము పైన చెప్పినదే. కాని చట్టమునకు కారణమైన ఆ మరణములను బాసిలు తన శాసనముననే పేర్కొనెనని మరువరాదు. గర్భమును పోగొట్టుకొనబోయి ప్రాణములు పోగొట్టుకొను స్త్రీలను గూర్చి ఆయన ఆనాడే వ్రాసినాడు గదా.

ఒక్క విషయమున మాత్రము చట్టమును, సంఘములును ఏకకంఠముతో మాటలాడుచున్నవి. ఆడపిల్లయని తెలిసికొని గర్భమును తీయించుట. దానిని అరికట్టుటకు 1994లో ప్రత్యేక చట్టము వచ్చినది. అయినను ఆరేండ్ల లోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001 జనగణనలో 927 మంది యుండగా, 2011 నాటికి 920కి లోపైరి. హిలారియను జాబులోని మాటయే యిది. ఆతడు కాన్పు అగువరకు ఆగవలసి వచ్చెను. మనవారికి యంత్రము వచ్చినది గనుక ఆగనక్కరలేకపోయినది. కట్నమిచ్చుకొనలేక భయపడు తండ్రి క్రైస్తవుల యిండ్లలో లేడని చెప్పుటకు మాకు నోరు రాదు. సంఘ పెద్దలు కట్నములు పుచ్చుకొని పెండ్లిండ్లు చేయుచు, ఆదివారమునాడు గర్భస్థ శిశువును గూర్చి ఉపదేశించినచో, బాసిలు చెప్పిన బేరగాండ్రలో వారును చేరుదురు.

బిడ్డను చంపవద్దనినవారు బిడ్డను పుచ్చుకొనుటకు చేయి చాచవలెను. ఈ పని చేసిన సంఘములును చరిత్రయందున్నవి. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరమున పట్టువర్తకుల శ్రేణి 1419లో ఒక అనాథశిశుశాలను కట్ట నారంభించెను, నిర్మాత బ్రూనెలెస్కి. 1445 ఫిబ్రవరి 5వ తేదీన అచటికి చేరిన మొదటి శిశువు ఆడపిల్ల. ఆ దినము పునీత అగాథ పండుగయగుటచే ఆమెకు అగాతా యని పేరిడిరి. ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది. ముంగిటి కమానులపై పొత్తిగుడ్డలు చుట్టిన శిశువుల బొమ్మలు చూడవచ్చును. అట్టి శిశుశాలలలో చేరిన పసివారిలో చాలమంది ఏడాది తిరుగకుండనే చనిపోయిరన్నదియు చరిత్రయే. తల్లిపాలకు బదులు తగిన ఆహారము ఆనాడు లేదు. ఆశ్రయము కల్పించుటకు సదుద్దేశ్యమొక్కటే చాలదు.

తెలుగుదేశమున గుంటూరువారికి డాక్టరు అన్నా కుగ్లరు పేరు క్రొత్త కాదు. అమెరికానుండి 1883లో వచ్చిన ఈ లూథరను వైద్యురాలు స్త్రీలకును పిల్లలకును 1898లో ఆసుపత్రి తెరపించి, 1930లో ఆ పట్టణముననే మరణించినది. పురుషవైద్యుని యెదుట పడరాని ఘోషాస్త్రీలును, వైద్యుని ముఖమే యెరుగని పేదస్త్రీలును ఆమెయొద్దకు వచ్చిరి. ప్రాణము పవిత్రమను సిద్ధాంతమును ఆమె ఉపన్యాసములలోకంటె కాన్పుగదిలో ఎక్కువగా బోధించినదని చెప్పవచ్చును.

పశ్చాత్తాపము విషయమున కథోలిక సంఘము మరల బాసిలు త్రోవకు వచ్చినదని చెప్పదగిన యొక సంగతి ఉన్నది. గర్భవిచ్ఛిత్తి చేయించుకొన్నవారిని క్షమించు అధికారము అనేక ప్రాంతములలో బిషప్పులకే పరిమితమై, వారు అనుమతించిన గురువులకు మాత్రమే ఉండెడిది. 2016 నవంబరులో ఫ్రాన్సిసు పోపు దానిని గురువులందరికిని ఇచ్చెను. పాపపు గురుత్వమును తగ్గించుట తన ఉద్దేశ్యము కాదని ఆ లేఖయందే స్పష్టము చేసెను. దూరపు పల్లెలో తెలిసిన గురువునొద్ద ఏడ్చి చెప్పుకొనదలచిన స్త్రీ ఇక నగరమందలి బిషప్పు అనుమతికై ఎదురుచూడనక్కరలేదు.

తుదకు, మన క్రైస్తవ గృహములకు సంబంధించిన యొక చట్టవిషయమును మనవి చేయవలెను. హిందువులకు దత్తతచట్టము 1956లోనే వచ్చినది. క్రైస్తవులకు అట్టిది లేకపోయెను. అనాథ శిశువును తెచ్చుకొన్న క్రైస్తవ దంపతులు 1890 నాటి చట్టముక్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగిరి. ఆ శిశువు చట్టము దృష్టిలో వారి కన్నబిడ్డతో సమానము కాలేదు. 2000 నాటి బాలన్యాయ చట్టమును, 2006లో దానికి చేసిన సవరణయు ఈ యడ్డంకిని తొలగించినవి. మతభేదము లేకుండ ఎవరైనను ఆ చట్టముక్రింద దత్తత చేసికొనవచ్చును. బిడ్డకు కన్నబిడ్డ హక్కులన్నియు కలుగును.

2015లో వచ్చిన క్రొత్త బాలన్యాయ చట్టమున మరియొక యేర్పాటు కలదు. పెంచుకొనలేని తల్లి తన బిడ్డను జిల్లాలోని శిశుసంక్షేమ సమితి యెదుట అప్పగింపవచ్చును. ఆమె పేరు బయటపెట్టరాదు. అప్పగించినవెంటనే బిడ్డను ఇతరులకు ఇచ్చివేయరు. మనసు మార్చుకొనుటకు ఆమెకు రెండు నెలల గడువు ఉండును. ఆ గడువులోపల ఆమె తిరిగి వచ్చి తన బిడ్డను అడిగినచో, ఆ యభ్యర్థనను సమితి విచారింపవలసియుండును.